పీపీఆర్ టీకా: 4 డిగ్రీల్లో పాస్, 37 డిగ్రీల్లో ఫెయిల్. టైటర్ ఎక్కడ పోతోంది?

వెరోఫ్లాస్క్ (ప్రశ్న)

గొర్రెలు, మేకలకొచ్చే పీపీఆర్ (పారుడు రోగం) టీకా గురించి. కరెంటు నిలకడగా ఉండని, ఫ్రిజ్ జిల్లా కేంద్రం దాటని పేద దేశాల కోసం వేడిని తట్టుకునే ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఎండబెట్టిన) టీకా చేయాలన్నది ఉద్దేశం. స్ట్రెయిన్ కొత్తది కాదు, నైజీరియా 75/1. వైరస్‌ను పెంచేది వెరో కణాల్లో (కోతి మూత్రపిండం నుంచి వచ్చిన ల్యాబ్ కణాలు), మామూలు ఫ్లాస్కుల్లో.

అంకెలు ఇవి. హార్వెస్ట్‌లో (ఆ కణాల నుంచి తీసిన వైరస్ ద్రవంలో) టైటర్, అంటే బతికున్న వైరస్ లెక్క, మిల్లీలీటరుకు లాగ్ 6.3 టీసీఐడీ50 (కల్చర్లలో సగానికి సోకించే మోతాదు ఒక యూనిట్; లాగ్‌లో 1 తగ్గితే పదోవంతే మిగిలినట్టు, 0.3 తగ్గితే సగం). దానికి అంతే పరిమాణంలో వేబ్రిడ్జ్ స్టెబిలైజర్ (ఎండేటప్పుడు వైరస్‌ను కాపాడే ద్రావణం) కలిపి, సీసాకు 1 మి.లీ. చొప్పున నింపడం. సీసా అంటే 100 డోసులు. ఆరబెట్టగానే డోసుకు లాగ్ 3.2 వస్తోంది. 4 డిగ్రీల్లో 6 నెలలుంచితే 3.0. ఇంతవరకూ బాగానే ఉంది. 37 డిగ్రీల్లో 7 రోజులుంచితే 1.7కి పడిపోతోంది. డోసుకు కనీసం 2.5 ఉండాలి కదా. కేక్‌లో (సీసాలో మిగిలే ఎండు ముద్దలో) మిగిలిన తేమ 2.8 శాతం, అంటే 3 శాతం పరిమితి లోపే.

అడగాలనుకున్నవి: నష్టం అసలు ఏ మెట్టు దగ్గర జరుగుతోంది? సుక్రోజ్ తీసేసి ట్రెహలోజ్ పెడితే సరిపోతుందా? పొలంలో కలిపే ద్రవం ఏది మేలు? చివరిది, పైనుంచి వస్తున్న ప్రశ్న: పాత టీకాకు ఇన్ని మరమ్మతులు దేనికి, టీకా వేసిన జంతువునూ రోగం సోకిన జంతువునూ వేరుచేసి చూపే కొత్త వెక్టర్ టీకాకే (పీపీఆర్ జన్యువును మోసే వేరే వైరస్‌తో చేసేది) పోవచ్చు కదా అని.

కణజాలం

లెక్క వెనక నుంచి వేయండి. సూది దిగే క్షణానికి 2.5 ఉండాలి. కలిపిన సీసా గంటసేపు బయట ఉంటుంది కనుక 0.3 పోతుందనుకోండి. దారిలో వేడికి 0.5. గోదాములో షెల్ఫ్ కాలానికి 0.3. టైట్రేషన్‌లో (టైటర్ కొలతలో) ఉండే అటూ ఇటూకి ఇంకో 0.3. మొత్తం 3.9. డ్రయ్యర్ లోంచి బయటికొచ్చేటప్పుడు మీ డోసులో 3.9 ఉండాలి. ఉన్నది 3.2. అంటే 37 డిగ్రీల పరీక్ష దాకా వెళ్లకముందే మీకు 0.7 లోటుంది. 4 డిగ్రీల ఫలితం ఆ లోటును కప్పేస్తోంది, అంతే.

ఇప్పుడు ముందు నుంచి చూడండి. హార్వెస్ట్ 6.3. సగానికి సగం పలచన చేయడంతో 6.0. 100 డోసులకు పంచితే 4.0. ఆరబెట్టాక 3.2. అంటే ఎండబెట్టడంలోనే 0.8 పోయింది. ఇది ఎక్కువ. దీన్ని 0.4కి దించి, సీసాను 50 డోసులకు మార్చితే (అక్కడ 0.3 దొరుకుతుంది) సరిగ్గా 3.9 అవుతుంది. ఉత్పత్తి సగమైందని పైవాళ్లు గోలపెడతారు. ఆ గోలకు జవాబు హార్వెస్ట్‌లో ఉంది.

ఈ వైరస్ ద్రవంలో 37 డిగ్రీల దగ్గర ఉంటే సుమారు 3 గంటలకోసారి సగమవుతుంది. ఫ్లాస్కులో కొత్త వైరస్ పుట్టడం తగ్గాక కూడా ఇంక్యుబేటర్‌లోనే ఉంచితే పుట్టినదానికంటే చచ్చేది ఎక్కువ. సాయంత్రం 80 శాతం సీపీఈ (వైరస్ వల్ల కణాలు దెబ్బతినడం) కనిపించింది, పొద్దున తీద్దాం అని 12 గంటలు వదిలితే నాలుగు సగాలు, అంటే లాగ్ 1.2 దాకా గాలికి పోయినట్టే. కనుక ఒకే హార్వెస్ట్ కోసం కూర్చోకండి. సీపీఈ 40-50 శాతానికి రాగానే పైద్రవం తీసి మైనస్ 70లో పెట్టి, ఫ్లాస్కుకు తాజా మీడియం పోయండి. రెండు రోజులకోసారి అలాగే తీస్తూ, 70-80 శాతానికి వచ్చినప్పుడు ఫ్లాస్కుతో సహా గడ్డకట్టించండి. ఈ వైరస్‌లో చాలా భాగం కణాలకే అంటిపెట్టుకుని ఉంటుంది. రెండుసార్లు గడ్డకట్టించి కరిగిస్తే గానీ బయటపడదు. కరిగించేది చల్లటి నీళ్ల తొట్టిలో, చివరి మంచుముక్క ఉండగానే తీసేయాలి. ఆ తర్వాత పూల్ చేసి, కణాల చెత్త పోయేలా తక్కువ వేగంతో తిప్పండి.

ఇన్‌ఫెక్షన్ మోతాదు ఎంత పెడుతున్నారో రాయలేదు. తొందరగా సీపీఈ రావాలని కణానికి 0.1 పెట్టేవాళ్లున్నారు. అలా పెడితే లోపభూయిష్టమైన వైరస్ కణాలు పోగుపడి, రెండు మూడు పాసేజీల (కొత్త కణాలకు ఎక్కించడాల) తర్వాత సీపీఈ ఘనంగానూ టైటర్ నీరసంగానూ తయారవుతుంది. 0.001 నుంచి 0.01 మధ్య చాలు.

టైట్రేషన్‌ను కూడా ఓసారి అనుమానించండి. ఈ టీకా స్ట్రెయిన్ వెరో మీద నింపాదిగా పెరుగుతుంది. ప్లేటును 7వ రోజు చదివేస్తే తక్కువ చూపిస్తుంది, 10 నుంచి 14 రోజులు ఆగాలి. ఎస్ఎల్ఏఎం గ్రాహకాన్ని (ఈ వైరస్ కణంలోకి దూరే ద్వారాన్ని) చూపే వెరో కణాల మీద అదే నమూనా ఇంకా ఎక్కువ చూపించవచ్చు. ఏ కణాలు వాడినా మధ్యలో మార్చకండి, మార్చితే పాత అంకెలతో పోల్చడానికి లేదు. ప్రతి ప్లేటు సెట్‌లోనూ మైనస్ 70లో దాచిన ఒకే రిఫరెన్స్ నమూనా పెట్టండి. ఆ రిఫరెన్స్ 0.3 కంటే ఎక్కువ కదిలితే ఆ రోజు ప్లేట్లన్నీ తీసిపారేయాల్సిందే.

ఫ్రీజ్‌డ్రై

హార్వెస్ట్ గురించి పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ 37 డిగ్రీల్లో వారానికి 1.5 పోవడం హార్వెస్ట్ సమస్య కాదు, ముమ్మాటికీ ఎండబెట్టడంలో సమస్య.

"3 శాతం లోపే ఉంది" అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. 3 శాతం అన్నది ఫ్రిజ్‌లో దాచే టీకాకు పెట్టుకున్న గీత. ఎండిన కేక్‌లో చక్కెర గాజులా గట్టిపడి వైరస్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ గాజు మెత్తబడే ఉష్ణోగ్రత పూర్తిగా ఎండిన సుక్రోజ్‌కు 60-70 డిగ్రీలు. తేమ 1 శాతం పెరిగితే అది సుమారు 10 డిగ్రీలు కిందికి దిగుతుంది. మీ 2.8 శాతంతో లెక్కేయండి: గాజు 40 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడటం మొదలుపెడుతుంది. 4 డిగ్రీల్లో దానికి ఏ ఢోకా లేదు. 37లో ఒడ్డున నిలబడ్డట్టు ఉంటుంది. తేమను 1 నుంచి 1.5 శాతానికి దించితే అదే సుక్రోజ్, అదే వైరస్ వేరేలా ప్రవర్తిస్తాయి. రిండర్‌పెస్ట్ (పీపీఆర్ లాంటిదే, పశువులది) నిర్మూలనలో వాడిన థర్మోవాక్స్ టీకా వెనకున్న కిటుకు కూడా ఇదే. వైరస్ మారలేదు. వెరో కణాలు, లాక్టాల్బుమిన్-సుక్రోజ్ స్టెబిలైజర్, ఎక్కువసేపు ఎండబెట్టడం. దాన్ని ఫ్రిజ్ లేకుండా నెల రోజులు మోసుకు తిరిగారు.

మరీ పిండేయనూ కూడదు. 0.5 శాతం కంటే దిగితే వైరస్ చుట్టూ ఉండాల్సిన నీటి పొర కూడా పోయి టైటర్ పడే ప్రమాదముంది.

స్టెబిలైజర్ సంగతి. వేబ్రిడ్జ్ అంటే లాక్టాల్బుమిన్ హైడ్రోలైసేట్ 2.5 శాతం, సుక్రోజ్ 5 శాతం, సోడియం గ్లుటమేట్ 1 శాతం, పీహెచ్ 7.2. అది సమంగా కలిపాక సీసాలో ఉండే సుక్రోజ్ 2.5 శాతమే. మిగతా సగం కల్చర్ మీడియం, అందులో ఉప్పు. వేడి తట్టుకోవాలంటే ఈ పాళ్లు చాలవు. స్టెబిలైజర్‌ను రెట్టింపు గాఢతతో చేసుకుని సమంగా కలపండి. నాలుగు రెట్ల గాఢతతో చేసి ఒక వంతు స్టెబిలైజర్, మూడు వంతుల వైరస్ కలిపితే పలచన నష్టం 0.3 బదులు 0.12కి తగ్గుతుందని కొందరు ఆశపడతారు. ఆ పద్ధతిలో ఉప్పు వాటా కూడా సగం నుంచి ముప్పావుకు పెరుగుతుంది. ఉప్పు పెరిగితే గడ్డకట్టిన ద్రవం కుంగే ఉష్ణోగ్రత కిందికి పోయి కేక్ కుప్పకూలుతుంది. 0.18 కోసం అంత సాహసం నేనైతే చేయను.

బఫర్‌గా (పీహెచ్ నిలబెట్టేదిగా) సోడియం ఫాస్ఫేట్ ఉందేమో చూడండి. గడ్డకట్టేటప్పుడు డైసోడియం ఫాస్ఫేట్ ముందుగా స్ఫటికమై బయటికి పోతుంది, మిగిలిన ద్రవం పీహెచ్ బాగా పడిపోతుంది. ఆమ్లం ఈ వైరస్‌కు బద్ధశత్రువు. హెపీస్ లేదా ట్రిస్ అనే వేరే బఫర్ వాడితే ఆ బెడద ఉండదు. మీ 0.8 నష్టంలో కొంత ఇక్కడే దొరకవచ్చు.

ట్రెహలోజ్ మంచిదే. ఎండిన ట్రెహలోజ్ గాజు 100 డిగ్రీలు దాటాక గానీ మెత్తబడదు కనుక తేమలో పొరపాటు జరిగినా ఓర్చుకుంటుంది. కానీ తేమ సరిచేయకుండా చక్కెర మారిస్తే, కారే కప్పుకు రంగు వేసినట్టే. ముందు సుక్రోజ్‌తో సైకిల్ (ఎండబెట్టే క్రమం) సరిచేసుకోండి.

సైకిల్ ఇలా మొదలుపెట్టి చూడండి. షెల్ఫ్‌ను మైనస్ 45 లేదా మైనస్ 50కి దించి కనీసం 2-3 గంటలు ఆపాలి. వాక్యూమ్ 0.07-0.13 మిల్లీబార్. మొదటి దశంతా (మంచు ఆవిరయ్యే దశ) ఉత్పత్తి ఉష్ణోగ్రత మైనస్ 35కి కిందే ఉండాలి (షెల్ఫ్‌ది కాదు, సీసాలో పెట్టిన ప్రోబ్‌ది). సుక్రోజ్ ఒక్కటే ఉంటే మైనస్ 32 దాకా తట్టుకుంటుంది, మీ సీసాలో ఉప్పు కూడా ఉంది కదా. మొదటి దశ అయిపోయిందని గడియారం చూసి తేల్చకండి. పిరానీ గేజీ, కెపాసిటెన్స్ గేజీ (వాక్యూమ్ కొలిచే రెండు రకాల పరికరాలు) రెండూ ఒకే అంకెకు వచ్చి కలిస్తే ఆవిరి ఆగినట్టు. అక్కడి నుంచి నిమిషానికి 0.1-0.2 డిగ్రీల చొప్పున 25-30 డిగ్రీలకు ఎక్కించి 12 గంటలు, అవసరమైతే 24 గంటలు పట్టి ఉంచండి. మొత్తం సైకిల్ 3 రోజులకు పోయినా కంగారుపడొద్దు. ఈ పనిలో తొందరకు ఖరీదు టైటరే.

అంచున ఉన్న సీసాలకు గోడల వేడి తగిలి తొందరగా ఎండుతాయి, మధ్యవి వెనకబడతాయి. తేమ కొలిచే సీసాలు ఎప్పుడూ అంచు నుంచే తీస్తే 1.5 అని కాగితం మీద పడుతుంది, మధ్యలో 3.5 ఉంటుంది. ప్రతి షెల్ఫ్‌లో నాలుగు మూలలు, నడిమధ్య, విడివిడిగా కార్ల్ ఫిషర్ పద్ధతితో (నీటిని కొలిచే రసాయన పరీక్ష) కొలవండి. సగటు తీసి మురిసిపోకండి.

ఇక కరెంటు. మొదటి దశలో వాక్యూమ్ పంపు ఆగితే కేక్ కరిగి కూలుతుంది, జనరేటర్ వచ్చాక మళ్లీ ఎండినా చూడటానికి ముడుచుకుపోయి ఉంటుంది. అలాంటి బ్యాచ్‌ను "టైటర్ పాసైంది" అని విడుదల చేయకూడదు. 37లో అది నిలవదు.

మంద వెంట

సీసా బాగున్నా సూది దగ్గర పాడయ్యే దారులు చాలా ఉన్నాయి. డైల్యూయెంట్ (పొలంలో కలిపే ద్రవం) ప్రశ్న అడిగారు కాబట్టి అక్కడి నుంచే.

ఎండిన కేక్‌కు ఉన్న వేడి తట్టుకునే గుణం కలిపిన క్షణంలోనే పోతుంది. ఇది పొలంలో పనిచేసేవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మామూలు సెలైన్‌లో కలిపాక పైన చెప్పిన 3 గంటల లెక్కే వర్తిస్తుంది, 40 డిగ్రీల ఎండలో ఇంకా తక్కువ. రిండర్‌పెస్ట్ టీకాకు 1 మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ ద్రావణం వాడేవారు, వేడిలో అది వైరస్‌ను కొంత కాపాడుతుంది. మీ బ్యాచ్‌కు వాడాలంటే 37, 40 డిగ్రీల్లో గంట, రెండు, నాలుగు గంటలకు టైటర్ కొలిచి, మేకల్లో సూది చోట వాపు వస్తుందేమో చూసి అప్పుడు నిర్ణయించండి. ఏది వాడినా గంటలోపు అయిపోయేలా సీసా పరిమాణం ఉండాలి. కలిపిన సీసా ఐస్ మీద, నీడలో.

చాలామంది మరిచేది డైల్యూయెంట్ వేడి. టీకాను ఐస్ బాక్సులో జాగ్రత్తగా తెచ్చి, జీపు డాష్‌బోర్డు మీద కాగిన సెలైన్ పోస్తారు. కలిపే ముందు రాత్రి నుంచే డైల్యూయెంట్ కూడా చల్లబడి ఉండాలి. సెలైన్ అయిపోయిందని కుళాయి నీళ్లు పోస్తే క్లోరిన్ పని పడుతుంది. సిరంజీలు మరిగించి చల్లార్చాలి. స్పిరిట్ లేదా డెట్టాల్‌తో కడిగిన సిరంజీలో మిగిలిన చుక్క చాలు మొదటి పది డోసులు చంపడానికి.

100 డోసుల సీసా వద్దన్నది ఇందుకే కూడా. చిన్న రైతు దగ్గర 8 మేకలుంటాయి, పక్కింటాయన దగ్గర 12. మిగిలిన 80 డోసులు పారేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. పక్క ఊరికి మోసుకెళ్తారు, మధ్యాహ్నం మూడింటికి వేసేది నీళ్లే. 50 మంచిది, 25 ఇంకా మంచిది. డ్రయ్యర్ షెల్ఫ్ మీద జాగా పోతుందన్నది నిజమే కానీ, పోయే జాగాను పొలంలో పోయే డోసులతో పోల్చాలి.

"వేడి తట్టుకుంటుంది" అని లేబుల్ మీద పెద్దక్షరాలతో వేయడం మీద నాకు అభ్యంతరం ఉంది. వేసిన మరుక్షణం జిల్లా గోదాములో ఫ్రిజ్ పక్కన అట్టపెట్టెలో పెడతారు. ఆ గుణం దారి చివరి కొన్ని రోజుల కోసం దాచుకున్న మిగులు, ఫ్రిజ్‌కు బదులు కాదు. సీసా మీద రంగు మారే టైం-టెంపరేచర్ సూచిక అంటిస్తే, మిగులు ఎంత ఖర్చయిందో సీసాయే చెబుతుంది. సూచిక మీ టీకా తగ్గే వేగానికి సరిపోయే రకమై ఉండాలి.

వయసు సంగతి కూడా. టీకా పడిన తల్లి జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు పిల్లలో మూడు నాలుగు నెలలుంటాయి. అంతకుముందు వేస్తే ఆ యాంటీబాడీలే టీకా వైరస్‌ను మింగేస్తాయి. ఈతల కాలం అయిన వెంటనే ప్రచారం పెట్టి, "మందంతా వేశాం" అని రాసుకుంటే ఆ పిల్లలు లెక్కలో ఉంటారు గానీ రక్షణలో ఉండరు.

పనిచేసిందా లేదా చూడాలంటే టీకాకు ముందు ఒక రక్తనమూనా, 21-28 రోజులకు అదే జంతువుదే ఇంకోటి. ముందు నమూనా లేకుండా 70 శాతం పాజిటివ్ వచ్చిందని చంకలు గుద్దుకోవడంలో అర్థం లేదు, అందులో సగం పాత టీకాదో పాత రోగానిదో అయ్యుండవచ్చు. ముందు నెగటివ్ ఉన్నవాటిలో ఎన్ని పాజిటివ్ అయ్యాయన్నదే లెక్క. వయసు వారీగా విడదీయండి: ఏడాది లోపు, ఏడాది నుంచి రెండేళ్లు, ఆ పైన.

వెరోఫ్లాస్క్

చాలా ఉపయోగపడింది. తేమను ఇంతవరకు అంచు సీసాల నుంచే కొలవడం జరుగుతోంది, మధ్యవి విడిగా చూడాలి. ఇంకో విడ్డూరం: డ్రయ్యర్ నుంచి తీయగానే 2.8 ఉన్న తేమ, 4 డిగ్రీల్లో 6 నెలలున్న సీసాల్లో 3.6 చూపిస్తోంది. సీల్ సరిగానే ఉంది, స్పార్క్ టెస్టర్‌తో చూస్తే వాక్యూమ్ నిలిచే ఉంది. గాలి లోపలికి రాకుండా తేమ ఎలా పెరుగుతోంది?

ఫ్రీజ్‌డ్రై

రబ్బరు మూతలు. ఆటోక్లేవ్‌లో ఆవిరి తాగి, బయటికి పొడిగా కనిపిస్తూ లోపల నీళ్లు దాచుకుంటాయి. సీసా మూశాక నెలల తరబడి ఆ నీటిని ఎండిన కేక్‌కు మెల్లగా ఇచ్చేస్తాయి. కేక్ కంటే దాహంగా ఉన్నది సీసాలో మరేదీ లేదు కదా. ఆటోక్లేవ్ అయ్యాక మూతలను 105-110 డిగ్రీల ఓవెన్‌లో 8 గంటలైనా ఎండబెట్టి, వేడి మీదే మూసిన డబ్బాలో పెట్టి, ఆ రోజే వాడండి. రబ్బరు రకాన్ని బట్టి గంటలు మారతాయి. మూతను ఎండబెట్టే ముందు, తర్వాత తూకం వేస్తే బరువు తగ్గడం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కేక్ బరువు ఎంత చిన్నదో గుర్తుంచుకోండి. 2.5 శాతం చక్కెరతో 1 మి.లీ. నింపితే కొన్ని పదుల మిల్లీగ్రాములే. అందులో 1 శాతం తేమ అంటే మూతలో మిగిలిన అర మిల్లీగ్రాము నీరు చాలు. చక్కెర పాళ్లు పెంచమనడానికి ఇది ఇంకో కారణం, కేక్ బరువైతే అదే నీరు తక్కువ శాతంగా పంచుకుంటుంది.

సీడ్‌లాట్

టైటర్ గొడవలో స్వచ్ఛత మరుగున పడకూడదు. పేద దేశాల్లో తయారయ్యే లైవ్ టీకాల్లో పేరు పోగొట్టేది ఎక్కువగా ఇదే.

పీపీఆర్‌కు మొదటి అనుమానం దూడ పిండపు సీరం మీద. అందులో బీవీడీ వైరస్ (పశువుల్లో విరేచనాల రోగం తెచ్చేది) దాక్కుని వస్తుంది, వెరో మీద సీపీఈ ఏమీ చూపించకుండా టీకాలోకి చేరుతుంది. గామా కిరణాలతో 25-30 కిలోగ్రే ఇచ్చిన సీరం కొనండి, అయినా ప్రతి లాట్‌నూ పీసీఆర్‌తో పరీక్షించండి. వైరస్ పెంచే దశలో సీరం 2 శాతానికి దించితే ప్రమాదమూ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. రెండో అనుమానం మైకోప్లాస్మా (కణాల కల్చర్లలో దాగే అతి చిన్న బ్యాక్టీరియా). సెల్ బ్యాంకులోనే ఉందంటే ఆ తర్వాత తీసిన ప్రతి బ్యాచ్ పోయినట్టే. మాస్టర్ సీడ్ (దాచిన మూల వైరస్), వర్కింగ్ సీడ్ (దాని నుంచి తీసి తయారీకి వాడేది) వేరువేరుగా ఉంచి, మాస్టర్ నుంచి 5 పాసేజీలు దాటకుండా చూడండి. "ఈ బ్యాచ్ బాగా వచ్చింది, దీన్నే సీడ్‌గా వాడదాం" అన్నారంటే దారి తప్పినట్టే.

లంపీ స్కిన్ కథ ఇక్కడ పనికొస్తుంది. నీత్‌లింగ్ స్ట్రెయిన్ అని అమ్మిన ఒక టీకాలో ఒకటికి మించి కాప్రిపాక్స్ వైరస్‌లు (గొర్రె, మేక బొబ్బ రోగాలూ లంపీ స్కిన్ తెచ్చే కుటుంబం) కలిసి ఉన్నాయని, వాటి కలయికతో పుట్టిన వైరస్ రకాలు తర్వాత పొలంలో రోగంగా తిరిగాయని జన్యుక్రమాలతో తేలింది. సీడ్‌ను పూర్తి జన్యుక్రమంతో ఒక్కసారి చూసి ఉంటే తయారీ దగ్గరే దొరికేది.

సొంత ల్యాబ్ సొంత బ్యాచ్‌ను పాస్ చేయడంతో ఆపకండి. ఇథియోపియాలోని డెబ్రె జైత్‌లో ఆఫ్రికన్ యూనియన్ నడిపే పాన్‌వాక్ ఇలాంటి టీకాలను స్వతంత్రంగా పరీక్షిస్తుంది: గుర్తింపు, స్టెరిలిటీ, మైకోప్లాస్మా, భద్రత, టైటర్. ఆఫ్రికా ఖండానికి సరఫరా అనుకుంటే మొదటి మూడు బ్యాచ్‌లు అక్కడికి పంపాలన్న లెక్కతోనే సీసాలు పక్కన పెట్టుకోండి.

కాప్రి

వెక్టర్ టీకా ప్రశ్నకు ఎవరూ రాలేదు కనుక నేను.

నైజీరియా 75/1 వేసిన మేకకూ, రోగం సోకి కోలుకున్న మేకకూ ఎలైసాలో (యాంటీబాడీలు చూసే రక్తపరీక్షలో) తేడా తెలియదు. అది నిజమే. కానీ ఆ తేడా ఎప్పుడు కావాలి? రిండర్‌పెస్ట్ టీకాకూ అలాంటి గుర్తు లేదు. అయినా 2011లో ఆ రోగం ప్రపంచంలో లేదని ప్రకటించారు. చేసింది ఏమిటంటే, ఒక దశలో టీకా ఆపేశారు. ఆపాక పుట్టిన జంతువుల్లో యాంటీబాడీలున్నాయా అని వెతికారు. ఉంటే వైరస్ తిరుగుతున్నట్టు, లేకుంటే లేనట్టు. పీపీఆర్‌కు పెట్టుకున్న గడువు 2030. ఆ ప్రణాళిక కూడా ఇదే పాత టీకాతో గీసిందే: వరుసగా రెండేళ్లు మందంతా, ఆ తర్వాత ఒకటి రెండేళ్లు కొత్తగా పుట్టినవాటికి. ఒక డోసు ఇచ్చే రక్షణ కనీసం మూడేళ్లుంటుంది కాబట్టి ఆ ప్రణాళిక కుదురుతుంది.

వెక్టర్లలో బాగా ప్రయత్నించింది కాప్రిపాక్స్. పీపీఆర్ వైరస్ పైపొరలో ఉండే హెచ్ లేదా ఎఫ్ ప్రొటీన్ జన్యువు చేర్చి, ఒకే సూదితో బొబ్బ రోగానికీ పీపీఆర్‌కూ రక్షణ. పాక్స్ వైరస్‌కు సహజంగానే వేడి ఓర్చుకునే గుణం ఉంది, ఎలైసాలో పీపీఆర్ ఎన్ ప్రొటీన్ (వెక్టర్‌లో ఉండనిది) మీది యాంటీబాడీలు చూస్తే తేడా కూడా దొరుకుతుంది. అడ్డం ఎక్కడంటే, బొబ్బ రోగం వచ్చిపోయిన లేదా దానికి టీకా పడ్డ మందల్లో ముందే ఉన్న రక్షణ వెక్టర్‌ను అణిచేస్తుంది. ఆ రోగం ఎక్కువున్న చోట్లే ఈ టీకా ఎక్కువ అవసరమని గమనించండి. పైగా జన్యుమార్పిడి టీకాకు చాలా దేశాల్లో అనుమతి దారే ఇంకా ఏర్పడలేదు.

కొత్త టీకా మీద డబ్బు పెట్టాల్సిన రోగాలు వేరే ఉన్నాయి. తూర్పు ఆఫ్రికా ఈస్ట్ కోస్ట్ ఫీవర్ (పిడుదులతో వచ్చే పశువుల రోగం) చూడండి. ఇప్పుడున్న పద్ధతిలో మూడు రకాల థైలీరియా పార్వా పరాన్నజీవిని పిడుదుల నుంచి తీసి, ద్రవ నత్రజనిలో దాచి, ఎక్కించేటప్పుడే దీర్ఘకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ సూది కూడా ఇవ్వాలి. అంటే బతికున్న రోగాన్నే ఎక్కించి మందుతో కళ్లెం వేయడం. పది లక్షల డోసులకు ఏడాదిన్నర పడుతుంది, పిడుదులు లక్షల్లో, కుందేళ్లు వందల్లో కావాలి. రక్షణ గట్టిదే, తయారీ మాత్రం ఫ్యాక్టరీకి లొంగదు. గాలికుంటులో ఎస్‌ఏటీ (ఆఫ్రికా) రకాలు, ఆవుల సీబీపీపీ (ఊపిరితిత్తుల రోగం) కూడా ఈ కోవలోవే. పీపీఆర్ ఆ వరుసలో లేదు. దాని టీకా బాగుంది, దాన్ని మోసుకెళ్లడమే బాగాలేదు.

వేడి తట్టుకోవడానికి ఫార్ములేషన్ ఒక్కటే దారి కాదని కూడా ఒక మాట. కోళ్ల కొక్కెర రోగానికి ఆస్ట్రేలియాలో తీసిన ఐ-2 టీకాలో, 56 డిగ్రీల్లో వేడిచేసి బతికిన వైరస్‌నే ఏరుకున్నారు. గుణం వైరస్‌లోనే ఉంది, అందుకే కంటిచుక్కగా పల్లెల్లో నడిచింది. పీపీఆర్ వైరస్‌కు ఆ గుణం లేదు, అందుకే మీకు డ్రయ్యర్ తిప్పలు.

కణజాలం

వెరోఫ్లాస్క్ గారూ, అన్నీ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. ఒకే పూల్ హార్వెస్ట్‌ను నాలుగు భాగాలు చేసి: ఇప్పటి ఫార్ములా పాత సైకిల్, ఇప్పటి ఫార్ములా పొడిగించిన సైకిల్, రెట్టింపు స్టెబిలైజర్ పాత సైకిల్, రెట్టింపు స్టెబిలైజర్ పొడిగించిన సైకిల్. నాలుగింటికీ ఓవెన్‌లో ఎండిన మూతలే. 37 డిగ్రీల్లో 0, 3, 7, 14 రోజులకు, 45 డిగ్రీల్లో 0, 1, 3, 7 రోజులకు మూడేసి సీసాలు, ప్రతి సీసాకూ విడి టైట్రేషన్. మూడు సీసాలను కలిపి ఒకే టైట్రేషన్ చేస్తే సీసాల మధ్య తేడా కనబడదు. లాగ్ టైటర్‌ను రోజులకెదురుగా గీసినప్పుడు మొదటి మూడు రోజుల్లో నిట్టనిలువుగా పడి తర్వాత సర్దుకుంటే, కొన్ని సీసాల్లో తేమ ఎక్కువుందేమో చూడండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే వాలుతో దిగితే ఫార్ములాను అనుమానించండి. రెండూ కానట్టు అడ్డదిడ్డంగా ఉంటే, ముందు ఆ రిఫరెన్స్ నమూనా అంకెలు తీసి చూడండి.